గడప లేని గది

పరుపులాయన ఇంట్లో దూది ఏకితే భార్యకు ఊపిరి అందేది కాదు. డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి దూదినే ఇంట్లోంచి పంపేయమన్నాడు. వంటింటిని ఆనుకుని వెనుక కొత్త గది లేచింది అందుకే. ఆ గది సొగసు కోసం కాదు, ఆమె ఊపిరి కోసం.

తాపీమేస్త్రీకి ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"గడప వద్దు మేస్త్రీ. నేల పెరటికి సమానంగా ఉండాలి. పరుపులు ఎండలోకి లాగాలంటే నా నడుం కూడా ఒప్పుకోవాలిగా!"

"అలాగే అన్నా. జారుడుబల్లలా చేసిస్తా."

చేసిచ్చాడు. మొదటి వానలకే గచ్చు నల్లబడింది. పరుపులాయన టార్పాలిన్ పరిచాడు. ఎత్తి చూస్తే అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లు. తారు పూయించాడు, అది పెచ్చులుగా లేచింది. బస్తాలను చెక్కల మీదికి ఎక్కించాడు. గాలిలో ఉన్న తేమనైనా దూది వదల్లేదు.

వీధి చివరి టీచరమ్మ కొత్త పరుపును బండి మీద వెనక్కి తెచ్చింది.

"అన్నయ్యా, నేనడిగింది పడుకోవడానికి, ఈతకి కాదు! మా ఆయన వాసన చూసి, ఎవరింటి తడిబట్టలు తెచ్చావన్నాడు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కబురు పెట్టగా వచ్చిన మేస్త్రీ మునివేళ్ళతో నేలను తడిమి చూశాడు.

"పెరటి నీళ్ళు పాకుతున్నాయన్నా. నేల జానెడైనా ఎత్తుండాలి, కింద మందపాటి ప్లాస్టిక్ షీటుండాలి."

"ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా?"

"గడప వద్దన్నది మీరేగా!"

ఆయన వద్దన్నది గడపను. పొడి నేలను కాదు. పర్యవసానం ఎరిగినవాడు ఎరుగనివాడి నుంచి, నోరు మెదపకుండా పుచ్చుకున్న ఒప్పుదలను ఒప్పుదల అనడానికి వీల్లేదు. అది మోసానికి తోబుట్టువు. అయితే ఈ వాదన ఎంత గట్టిదైనా ఆ నేలలో ఒక్క బొట్టును ఆరబెట్టలేదు.

"ఇప్పుడు ఎత్తు పెంచితే?"

"కప్పు నెత్తికి తగులుద్ది. మొత్తం పడగొట్టి కట్టుకోవాల్సిందే." మేస్త్రీ చెప్పులేసుకున్నాడు.

ఆకాశం మళ్ళీ మూసుకుంది. ఒప్పుకున్న పరుపులు కుట్టకపోతే పొయ్యి వెలగదు. దూది బస్తా ముందు ఆయన కూలబడ్డాడు. భార్య ముక్కుకు కొంగు చుట్టుకుని వచ్చి బస్తా చెవి పట్టుకుంది.

"ఏయ్, వదులు. నువ్వు ముట్టుకోకు."

"మరి ఎక్కడ కుడతారు, నా నెత్తి మీదా? ఇంట్లో మంచం గోడవైపు జరిపాను. పట్టండి."

"దగ్గొస్తుందే."

"రాకపోతే వింత. పట్టండంటుంటే!"

ఆయన రెండో చెవి పట్టుకున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర, పాతింటి ఎత్తైన గడపకు తగిలి బస్తా ఆగింది. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి లోపలికి దించారు. ఆమె అప్పుడే దగ్గడం మొదలుపెట్టింది.