ఒంటె బొమ్మ పక్కన మెమో

నా చిన్నప్పుడు దోహా దగ్గరి మెసయీద్‌లో మాకు శుక్రవారమే ఆదివారం. సెలవు ఆ రోజే కాబట్టి ప్రార్థన కూడిక కూడా ఆ రోజే. మా నాన్న అక్కడొక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కంపెనీ క్వార్టర్స్‌లో మా హాలు కాస్త పెద్దది. గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు పదీ పన్నెండు మా ఇంట్లోనే చేరేవి. వాళ్ళు వచ్చే అరగంట ముందు మా అమ్మ ఇల్లు సర్దే తీరు చూసి తీరవలసిందే. ఉతికిన బట్టలు, నా పుస్తకాలు, ఇస్త్రీ పెట్టె, సగం ఒలిచిన వెల్లుల్లి, అన్నీ పడకగదిలోకి వెళ్ళిపోయేవి. ఆ తలుపు వేసేస్తే ఇల్లు అద్దంలా ఉండేది.

హాల్లోనే ఒక మూల కంప్యూటర్, దాని పక్కన స్కానరు, ప్రింటరు. కూడికలో పాడే కీర్తనల కాగితాలను స్కాన్ చేసి అందరికీ పంచడం నాన్న అలవాటు. కొన్నాళ్ళకు ఆ పని నాకు అప్పగించారు. పదేళ్ళ పిల్లకు అది చిన్న పదవి కాదు. నేను స్కాన్ చేసిన ప్రతి కాగితమూ తెర మీదే ఉండిపోయేది. చివరికి వెనకాల పెట్టుకున్న సముద్రం ఫోటో కనిపించడం మానేసింది.

"ఏంటే అది, చేపల బజారులాగా? వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అంది అమ్మ.

నేను ఇంట్లో చూసిందే కంప్యూటర్లోనూ చేశాను. ఒక కొత్త ఫోల్డర్ తెరిచి అంతా అందులోకి తోసేశాను. దానికి పేరు కూడా పెట్టలేదు. తర్వాతి శుక్రవారానికి తెర మళ్ళీ నిండింది. మళ్ళీ ఒక ఫోల్డర్ తెరిచి, పాతదాన్ని కూడా దాని కడుపులోకి నెట్టాను. ఇలా వారం వారం సాగింది. సముద్రం మాత్రం హాయిగా కనిపించేది. పిల్ల ఎంత నీటుగా పెట్టుకుందో అని కూడికకు వచ్చిన ఆంటీలు మెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో మా ఇంటికి ప్రార్థనకు కాకుండా వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. జగిత్యాల వైపు పల్లె ఆయనది. నాన్న పనిచేసేచోటే స్టోరులో హెల్పరు, ఉండేది కార్మికుల క్యాంపులో. నేను స్టోర్ బాబాయి అని పిలిచేదాన్ని. అందరూ వెళ్ళిపోయాక వచ్చి, అమ్మ పెట్టిన చేపల పులుసు తిని, సాయంత్రం క్యాంపు బస్సుకు వెళ్ళేవాడు. ఒకసారి తన పదో తరగతి మార్కుల మెమో తెచ్చి స్కాన్ చేయించుకున్నాడు. గదిలో ఆరుగురి మధ్య కాగితం ఎక్కడ చిరిగిపోతుందోనని ఆయన భయం. కంప్యూటర్లో ఉంటే ఇంక భద్రమని నేను పెద్ద ఆరిందాలా భరోసా ఇచ్చాను. ఆ మాట నమ్మి ఆయన అసలు మెమోను సెలవు మీద వెళ్ళే ఊరివాడి చేతికిచ్చి ఇంటికి పంపేశాడు.

నాలుగైదు నెలల తర్వాత ఒక శుక్రవారం స్టోర్ బాబాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. స్టోర్ కీపర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందట. ఎండలో ఇనుము మోసే పని వదిలి నీడన రిజిస్టరు రాసే పనికి మారే అవకాశం. మర్నాడు పొద్దున ఏడింటికి ఇంటర్వ్యూ. మెమో నకలు చూపించనిదే లోపలికి పిలవరట. ఊరినుంచి కాగితం రావాలంటే రెండు వారాలు పడుతుంది.

"ఒక్కటి ప్రింట్ కొట్టియ్యి బిడ్డా. యల్లా అని ఉరుకుతా," అన్నాడు, 'పద పద' అనే అరబ్బీ మాట కలిపి.

ఒక ఫోల్డర్ తెరిస్తే అందులో ఇంకో ఫోల్డర్. దాంట్లో స్కాన్లు, మరో ఫోల్డర్. ప్రతిదానికీ యంత్రం పెట్టిన అంకే తప్ప పేరు లేదు. తెరిచి చూస్తే కీర్తన. ఇంకొకటి తెరిస్తే అదీ కీర్తనే. నాన్నను కూడిక అవగానే ఏదో అర్జంటు పని మీద ఫ్యాక్టరీకి పిలిపించుకున్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది.

"భద్రం అన్నావుగా, ఏదీ? రేపు ఆయన ఏం చూపించుకుంటాడు?"

నాకు ఏడుపొచ్చేసింది. కోప్పడవలసిన మనిషి మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "పిల్లను ఏమనకు అక్కా. మా స్టోర్ల పెద్ద పెద్ద ఇంజనీర్లే సామాను ఏడ పెట్టిండ్రో మర్చిపోతరు," అని నా వైపు తిరిగాడు. "నేను మెమో తెచ్చిననాడు నువ్వు ఒంటె బొమ్మ గీసినవ్, యాదికున్నదా? దానికి అయిదు కాళ్ళు పెట్టినవని నేను నవ్విన."

గుర్తొచ్చింది. అల్ షహానియాలో ఒంటెల పందేలు చూపించడానికి బడివాళ్ళు తీసుకెళ్ళిన వారమది. ఆ బొమ్మను కూడా ఆ రోజే స్కాన్ చేశాను.

"ఇంకేంది మరి. ఒంటె ఏడ ఉంటే నా మెమో ఆడనే మేస్తుంటది. దాన్ని పట్టు."

బొమ్మను వెతకడం కాగితాన్ని వెతకడం కన్నా తేలిక. చిన్న చిన్న బొమ్మల్లా చూపించే పద్ధతిలో పెట్టి, తెల్ల కాగితాల మధ్య గోధుమరంగు కోసం చూస్తూ పోయాను. పదహారో ఫోల్డర్లోనో పదిహేడో ఫోల్డర్లోనో అయిదు కాళ్ళ ఒంటె కనిపించింది. దాని పక్కనే మెమో. ప్రింటరు కాగితాన్ని బయటికి నెట్టేదాకా ముగ్గురం దాని ముందే నిలబడ్డాం.

ఆయన ఉరకలేదు. బస్సుకు ఇంకా రెండు గంటలుంది, ఇది సర్దుదాం అన్నాడు. మౌస్ పట్టడం కూడా రాదు ఆయనకు. కానీ ఒక్కొక్క కాగితం తెరిపించి, ఇదేంది, ఎవరిది, ఎన్నడొచ్చింది అని అడిగాడు. నేను చెప్పిందే పేరుగా కొట్టించాడు. స్టోరులో ప్రతి అర మీదా ఈ మూడు ముక్కలతో ఒక కార్డు వేలాడుతుందట. ఒకే కీర్తన నాలుగుసార్లు కనిపిస్తే ఒకటి ఉంచి మూడు తీయించాడు. సగమే పడ్డవి, తలకిందులు పడ్డవి అన్నీ పోయాయి. ఎవరి ఫోటో అయినా వస్తే మాత్రం, వాళ్ళను అడగకుండా తీయొద్దన్నాడు.

"పెట్టెటోనికి పేరుతోని పనిలేదు బిడ్డా, ఆనికి ఎర్కనే. పేరు దేవులాడెటోని కోసం. ఆడు ఆగమాగం వస్తడు." దేవులాడడం అంటే వాళ్ళ వైపు వెతకడం, ఆగమాగం అంటే గాబరా.

ఆయనకు ఆ ఉద్యోగం వచ్చింది. నాన్న చెప్పినప్పుడు అమ్మ, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మ మాత్రం శుక్రవారాలు పడకగది తలుపు వేయడం మానలేదు.

దాచడం వేరు, సర్దడం వేరు అని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. తర్వాత చాలా ఏళ్ళు పత్రిక డెస్కులో పనిచేశాను. పాత ఫోటో ఒకటి దొరక్క పేజీ ఆగిపోయిన సందర్భాలు ఎన్నో చూశాను. ఇప్పుడు దోహాలో, అల్ హిలాల్‌లో మా ఫ్లాట్‌లో, శుక్రవారం పొద్దున ఒక అరగంట కంప్యూటర్ ముందు కూర్చుంటాను. వారమంతా చేరినవాటిలో అక్కరలేనివి తీసేస్తాను, ఉంచినవాటికి పేర్లు పెడతాను. సేవ్ నొక్కే ముందు నా వేలు ఒక క్షణం ఆగుతుంది. ఏదో ఒక రోజు దీనికోసం గాబరాగా వచ్చే మనిషి ఎవరో నాకు తెలియదు. వాళ్ళకు అర్థమయ్యే మాట దొరికాకే నొక్కుతాను.