దయాసాగర్ పడగొట్టినవి

చోడవరంలో కొబ్బరికాయల లోడు దిగాలంటే దయాసాగర్ రావాల్సిందే. లారీ మీద నిలబడి, చెయ్యి కిందనుంచి ఊపి, కాయల్ని జంటలుగా కొట్లోకి విసురుతాడు. ఎక్కడ పడాలో అక్కడే పడతాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. కాయ పగిలితే కదా మాట్లాడుకోవడానికి!

ఊళ్ళో అతని పేరు మోగింది మరో విధంగా. క్రిస్మస్‌కి చర్చిలో పెట్టే ఆటల్లో స్టీలు గిన్నె మాట దేవుడెరుగు, సబ్బుపెట్టె కూడా గెలిచి ఎరగడు. కుర్చీలాటలో అందరికంటే ముందు బయటికొచ్చేది అతనే.

ఆ ఓడిపోయిన మొహమే సినిమాలో వేషం తెచ్చిపెట్టింది. చెరుకు తోటల్లో పాట తీయడానికొచ్చిన కంపెనీ మేనేజరు అతన్ని చూసి, "ఓడిపోయేవాడంటే ఇలా ఉండాలయ్యా!" అన్నాడు. దూరంగా నిలబెట్టినవాటిని బంతి దొర్లించి పడగొట్టే బౌలింగ్ ఆట మీద కామెడీ సినిమా అది. ఎవరూ లెక్కచెయ్యని అయిదుగురు చివరికి కప్పు కొడతారు. అయిదోవాడు దయాసాగర్. డైలాగు లేదు. బంతి దొర్లించాలి, అది పక్క కాలవలో పడాలి, జనం నవ్వాలి. ఆపైన గెలిపించడానికి హీరో ఉన్నాడు.

షూటింగు విశాఖలో ఒక మాల్‌లో. భార్య మిరియంని వెంటబెట్టుకుని బస్సెక్కాడు. లోపల పొడుగాటి నున్నటి చెక్కబాట, ఆ చివర సీసాల్లాంటి పది పిన్నులు, అటూ ఇటూ కాలవలు. చేతికి బంతి ఇచ్చారు. నల్లగా, బరువుగా, మూడు కన్నాలతో ఉంది.

"ఒసే, ఇది కొబ్బరికాయేనే! మూడు కళ్ళూ ఉన్నాయి సూడు," అన్నాడు.

డైరెక్టరు యాక్షన్ అన్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ ఊగింది. పదికి పదీ పడిపోయాయి.

"కట్! కాలవలో వెయ్యమంటే ఏంటయ్యా ఇది?"

"తప్పయిపోనాది బాబూ."

మళ్ళీ వేశాడు. మళ్ళీ పదీ పడ్డాయి. దయాసాగర్‌కి ఒళ్ళు పులకరించింది. నలభై ఆరేళ్ళకి మొదటిసారి గెలుపంటే ఏమిటో తెలిసింది, తెలిసిన చోట అందరూ విసుక్కుంటున్నారు. ఇంకొక్కటి పడితే వేషం వేరేవాడికిస్తానన్నాడు మేనేజరు. సినిమాలో కనిపిస్తానని చర్చిలో అందరికీ చెప్పేసుకున్నాడాయె! మూడోసారి మణికట్టు కాస్త తిప్పాడు. బంతి బుద్ధిగా కాలవలోకి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతనికి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

సినిమా చోడవరం వచ్చిన రోజు హాల్లో రెండు వరసలు చర్చివాళ్ళే. తెరమీద బంతి కాలవలోకి జారగానే జనం విరగబడి నవ్వారు.

"మన దయాగాడు సినిమాలోనూ అంతేరా!" అని కేకేశాడు చర్చిలో గిటారు వాయించే ఫెలిక్స్.

దయాసాగర్ కూడా నవ్వాడు. నిజం చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

మిరియం లేచి నిలబడింది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఎలా లేస్తుందో అలాగే లేచింది.

"నాను కళ్ళారా సూసేను. ముందు రెండుసార్లు పదికి పదీ పడగొట్టేడు. ఓడిపొమ్మంటే ఓడిపోయేడు."

"కూకో తల్లీ, హీరో కనపడతం లేదు!" అన్నారు వెనకవాళ్ళు.

ఆమె కూర్చోలేదు. దయాసాగర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, కూర్చోమని లాగలేదు.