చాక్‌పీసు గుండ్రాలు

బాస్కెట్‌బాల్ కోచ్ గారి జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు ఉంటుంది. రోజూ ప్రాక్టీసుకు ముందు ఆ మహానుభావుడు బొజ్జ అడ్డొస్తున్నా ఆపసోపాలు పడుతూ వంగి, బుట్ట కింద ఐదు గుండ్రాలు గీసి, చిన్న క్లాసుల ఆడపిల్లలను గుండ్రానికొకరిగా నిలబెడతాడు. ఇక కుర్చీలో కూలబడి, “చేతులు పైకి! గుండ్రం దాటితే ఊరుకోను!” అని అరవడమే ఆయన శిక్షణ. దీనికి జోన్ డిఫెన్స్ అని గొప్ప పేరొకటి. ఆ వయసు పిల్లలు దూరం నుంచి బుట్టలో వేయలేరు కాబట్టి దగ్గర దారి మూసేస్తే చాలు, గెలుపు ఖాయం. ఆయన గది నిండా కప్పులే. ఎదుటి జట్టులో ఎవరి మనిషి వెంట వాళ్లు పరిగెత్తే మ్యాన్-టు-మ్యాన్ ఎప్పుడు నేర్పుతారని ఒక తల్లి అడిగితే, “గెలుస్తున్నాం కదమ్మా, ఇంకేం కావాలి?” అని ఇకిలించాడు.

మొన్న పెద్ద జట్టు ఎంపికల్లో సెలెక్టర్ ఆ తల్లి కూతురిని పిలిచి, బంతి పట్టుకున్న పిల్లను చూపించి, “ఆ అమ్మాయిని వదలకు. ఎటు పోతే అటు పో” అన్నాడు. విజిల్ మోగగానే ఈ పిల్ల ఒక్క పరుగున బుట్ట కిందికి వెళ్లి, చేతులు పైకెత్తి, తల వంచి, నున్నటి నేల మీద తన గుండ్రం కోసం వెతకసాగింది. అవతలి పిల్ల తాపీగా పక్కనుంచి వచ్చి బంతి వేసేసింది. బెంచీ మీద కోచ్ గారు తల్లి వైపు జాలిగా తిరిగాడు.

“నన్నేం చేయమంటారమ్మా? మీ పిల్లకు కాలు కదలదు.”