తిరగేసిన జంపఖానా

కొత్తవాడ కట్టయ్య నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. ఇంట్లో మూడు మగ్గాలుంటే రెండు మూలన పడ్డాయి. వెబ్‌సైట్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అయినా హన్మకొండలో జరిగే డాక్టర్ల సదస్సు వెబ్‌సైట్‌లో ఆయన ఫోటో వేశారు. "ప్రతి అతిథికీ కట్టయ్య చేతి జంపఖానా. మీరూ ఆయన దగ్గరే కొనండి" అన్న మాటలు కోడలు దీప చదివి వినిపిస్తే ముసలాయన మురిసిపోయాడు. అన్ని జంపఖానాల ఆర్డరొక్కటి వస్తే మూడు మగ్గాలూ ఆడతాయి మరి!

ఫోటో, నమూనా పట్టుకుపోయిన సదస్సు ఏర్పాట్ల పెద్దమనిషి రమాకాంత్ మూడు నెలలు "చెప్త, చెప్త" అంటూ గడిపాడు. చివరికి చెప్పిందేమిటంటే, సదస్సు రోజు హోటల్ గుమ్మంలో మగ్గం ముందు కూర్చోమని. సదస్సు అయ్యాకైనా ఆర్డర్ ఇస్తారేమోనని కట్టయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. వచ్చేపోయే వాళ్లంతా ఆయనతో సెల్ఫీలు దిగారు. ఒక్కరూ మంచినీళ్లు ఇచ్చిన పాపాన పోలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్ స్నేహలత సదస్సులో కానుకగా వచ్చిన జంపఖానాను తన సంచిలోంచి తీసి ఇచ్చింది. "తాతా, ఇది మీరు నేసిందేనా?"

జంపఖానా చేతికొస్తే నేతగాడు ముందు తిరగేస్తాడు. మగ్గం మీద నేసింది రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. ఇది ఒకవైపు పువ్వులు, రెండో వైపు బోడి తెలుపు. మిల్లు గుడ్డ మీద తన నమూనా అచ్చేశారు. అంచుకు తన మొహం ఉన్న చీటీ!

రమాకాంత్ గబగబా వచ్చి కట్టయ్య చెవి దగ్గర వంగాడు. "జర ఔనను పెద్దాయనా. వచ్చే యేడు ఆర్డరంతా నీకే."

"థూ!" అన్నాడు కట్టయ్య అందరికీ వినబడేలా. "నేను నేయలే బిడ్డా. గిసొంటి దానికి నా మొకం అతికిచ్చిండ్రు. చూస్తాంటేనే రోత పుడ్తాంది."

"అయితే అసలైనది నాకొకటి నేసిపెట్టండి. వెబ్‌సైట్‌లో మీ నంబర్ ఉంది కదా, మిస్డ్ కాల్ ఇస్తాను" అంటూ స్నేహలత ఫోన్ చేసింది.

రమాకాంత్ జేబులో ఫోన్ మోగింది.

కట్టయ్య మగ్గం ముందు నుంచి లేచాడు. ఆ జేబు వైపే చూస్తూ అడిగాడు.

"మూడు నెలల సంది నా కోసం ఎంతమంది ఫోన్ చేసిండ్రు రమాకాంతూ?"