రెండు లోలకాల బొమ్మ

మా బావ పోయాడని కార్డు వచ్చింది. మా పెద్దక్క పెనిమిటి, సైన్సు మాస్టారు. నేను శ్రీకాకుళం నుంచి గరివిడి చేరేసరికి చితి చల్లారిపోయింది. రెండేళ్లుగా మాట్లాడకుండా ఉన్న నాకు ఆఖరిచూపు కూడా దక్కలేదు.

నేను డ్రాయింగు మాస్టార్ని. ఆ పరీక్షకి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది కూడా ఆయనే. సెలవులకి వెళితే ఇద్దరం దూలానికి రెండు లోలకాలు కట్టేవాళ్లం. కిలోలు వచ్చాక కొట్లో మూలపడ్డ వీశె రాళ్లే బరువులు. ఒకటి ఊగితే కలం తూర్పు పడమరలకు కదిలేది. రెండోది ఊగితే కాగితం పరిచిన పలక ఉత్తర దక్షిణాలకు కదిలేది. దీపం మీద గాజుగొట్టం సాగదీసి ఆ కలం చేసింది బావే. ఒక రాయి ఆయన వదిలేవాడు, ఒకటి నేను. గీతలు చుట్టలు తిరిగి తిరిగి మెలికల ముగ్గయ్యేవి. ఎవరైనా చెయ్యి పెట్టబోతే కసిరేవాడు.

"ఆపకండర్రా! దానంతటదే ఆగాల."

అక్క పెట్టిన టీ పక్కనే చల్లారిపోయేది.

"ఒరే బావా, ఇందులో నీ గీతేది, నా గీతేది? ఇడదీసి సూపించు సూద్దాం. మనుసులు కలిసి బతకడమూ ఇంతే" అని బావ నవ్వేవాడు. అలా వచ్చిన ఒక బొమ్మకి 'ఇద్దరు' అని పేరు పెట్టాడు.

విజయనగరంలో ఎగ్జిబిషన్‌కి పెట్టాం. చూడవచ్చిన పెద్దమనిషొకాయన "ఎవరు వేశారు?" అని అడిగాడు.

"నేనేనండి" అన్నాను.

బావ పక్కనే ఉన్నాడు. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. అంతే. సిగ్గుతో నేను మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. ఆయనే ఒకసారి కార్డు రాశాడు: 'కొత్త కాగితాలు కొన్నాను, రా.' ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఎప్పుడో ఒకప్పుడు తప్పు ఒప్పుకోవచ్చులే అనుకున్నాను. ఇప్పుడు ఎవరి దగ్గర ఒప్పుకోను?

పదోరోజు దాటాక అక్క అటక మీంచి సామానంతా దింపించింది.

"నువ్వొస్తావని తాళ్లు కూడా మార్సి ఉంచినాడ్రా. ఒక్క బొమ్మ ఎయ్యి, సూస్తాను."

లోలకాలు కట్టాను. నా రాయి వదిలాను. ఆయన రాయి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. పలక కదల్లేదు. కలం ఒకే గీత మీద పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

"బొమ్మ రాలేదేటిరా?" అంది అక్క.

గీత పొట్టిదవుతూ పొట్టిదవుతూ కలం మధ్యలో ఆగిపోయింది. దాన్ని ఎత్తాలని కూడా తోచలేదు. ఆగినచోట సిరా కారుతూ, నల్లచుక్క పెద్దదవుతూనే ఉంది.