ఐదు సెల్స్ లైటు, ఒక నల్లరాయి

1968 ఎండాకాలం. విజయనగరం గంటస్తంభానికి కాస్త అవతల నాకు టార్చిలైట్లు, బ్యాటరీలు అమ్మే చిన్న దుకాణం ఉండేది. అప్పటికి పదకొండేళ్లుగా అదే పని. బ్యాటరీ గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. గరివిడి వైపు నుంచి వచ్చిన ఒక రాళ్లు కొట్టే మనిషి ఆ నమ్మకాన్ని ఒక్కపూటలో దించేసింది.

ఆమె పేరు అప్పలనరసమ్మ. మాంగనీసు గనిలో రాయి కొట్టి, రకాలవారీగా ఏరడం ఆమె పని. సంచిలోంచి ఐదు సెల్స్ టార్చి తీసి బల్ల మీద పెట్టింది.

"రెండు బేటరీలియ్యి బాబూ. మిగతా మూడూ ఎండలో ఎట్టాను, బాగానే ఉన్నాయి."

అప్పట్లో అందరూ చేసే పనే. నీరసించిన సెల్ ఎండలో పెడితే కాసేపు వెలుగుతుంది, మనం మురిసిపోతాం. టార్చిలో సెల్స్ సిరీస్‌లో ఉంటాయి, అంటే కరెంటు ఐదింటిలోంచీ వరసగా పోవాలి. ఒక్కటి చచ్చుదైనా మిగతావాటి బలం అది తినేస్తుంది. పైగా దాని జింకు డబ్బా చిల్లుపడి రసం కారుతుంది.

"ఐదూ కొత్తవే వెయ్యాలమ్మా" అంటూ చెయ్యి పక్కనున్న డబ్బా మీద వేశాను. దాచుకోవడం దేనికి, అది కిందటేటి వానాకాలం సరుకు. ఎవరికో ఒకరికి అంటగట్టాలని చూస్తున్నాను.

"ఇంట్లోకేనా లైటు?"

"ఇంట్లోకెందుకు బాబూ? మా ఇంటాయన గనిలోకి ముందు దిగుతాడు. పైకప్పు రాయి పగిలిందో నేదో లైటేసి సూసి, రమ్మంటేనే కూలీలు దిగుతారు. మొన్న మద్దెలో లైటు మసకబారిపోనాది. తడుముకుంటా పైకొచ్చాడు. బాగుందని సెప్పేయరా అన్నాడు మేస్త్రీ. ఈయన సెప్పనేదు."

నా చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

మాట తప్పించడానికో ఏమో, ఆమె ఎండబెట్టిన సెల్ ఒకటి కటింగ్ ప్లయర్‌తో చీల్చి, చిల్లుపడ్డ జింకు డబ్బా చూపించాను. నల్లటి పొడి బల్ల మీద రాలింది. ఆమె చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రాసింది.

"ఇది మా రాయే బాబూ!"

నవ్వాను. "రాయేటమ్మా? కంపెనీ మందు ఇది."

ఆమె వాదించలేదు. కొంగుముడి విప్పి, ఇంట్లో తన పిల్ల గోడ మీద గీసుకుంటుందని తెచ్చిన రాతిముక్క తీసింది. నా రసీదు కాగితం మీద దాంతో ఒక గీత గీసి, పక్కనే ఆ పొడి రాసింది. రెండూ ఒకటే నలుపు.

"ఇలా మసిలాగ అంటుకునే రాయి ఏరి, యేరేగా కుప్పెయ్యమంటారు. ఎక్కడికెల్తాదో మాకు తెల్దు."

పదకొండేళ్లు అమ్మాను, లోపల ఉన్నదేమిటో ఒక్కసారైనా అడగలేదు. అది మాంగనీసేనని తరవాత కాలేజీ సైన్సు మాస్టారు ఒకాయన చెప్పారు. సరిగ్గా ఆ గనిదేనని చెప్పలేను. కానీ ఆ వేళ ఆమె చేతుల పగుళ్లలో ఉన్న నలుపు చూస్తుంటే దండం పెట్టాలనిపించింది.

పాత డబ్బా వెనక్కి తోసి, ఆ వారం వచ్చిన పెట్టె విప్పాను. ఒక్కో సెల్‌కీ బల్బు పెట్టి అయిదేసి నిమిషాలు వెలిగించాను. దీన్ని లోడ్ టెస్ట్ అంటాం. ఊరికే వెలగడం కాదు, వెలుగు నిలవడం చూస్తాం. నేను బాగుందన్నదొకటి ఆమె చేతిలో తిప్పి పక్కన పెట్టేసింది. "అడుగున అట్ట సెమ్మగా ఉన్నాది, సూడు." చూశాను. నిజమే. దాని బదులు ఇంకోటి వేసి ఐదూ ఇచ్చాను.

రెండు వారాలకు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన నెమ్మదైన మనిషి.

"ఈ లైటులో పగులు కనపడింది బాబూ, ఎంటికంత సన్నంగా. ఎవుల్నీ దిగనివ్వనేదు. మేస్త్రీ కేకలేసినాడు. ఆ మద్దేన్నమే పైకప్పు కూలిపోనాది."

"ఎంతమంది దిగాలి ఆ పూట?"

"పద్నాలుగుమంది."

వాళ్లు వెళ్లాక పాత డబ్బాలోంచి ఐదు సెల్స్ తీసి దుకాణంలో ఉన్న ఒక లైటులో వేశాను. దుకాణం వెనక చీకటి సామాన్ల గదిలో, గోడ పైభాగాన సన్నటి బీట ఒకటి ఉంది. దాని మీద లైటు వేసి నిలబడ్డాను. మొదట బాగానే కనిపించింది. పావుగంటకు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, బీట మాత్రం కనబడటం లేదు.

అప్పటినుంచి లైటు ఎవరి చేతిలోకి వెళుతుందో అడగకుండా నేను ఒక్క సెల్ కూడా అమ్మలేదు.