నాన్న పడిపోయే సీను

ఆదివారాల్లో ఆఫీసు స్నేహితులం కలిసి ఫోనుతో చిన్న చిన్న సినిమాలు తీసేవాళ్లం. చివరగా రాసుకున్న కథలో రేవు గోదాముకు కాపలా ఉండే ముసలాయన్ని దొంగలు కాల్చి చంపుతారు. ఆ వేషానికి నాకు మా నాన్న తప్ప ఎవరూ తోచలేదు. కుర్రతనంలోనే శ్రీకాకుళం నుంచి వచ్చి, కోల్‌కతా రేవులో బరువులు మోసినవాడు. రిటైరయ్యాక రేవు దగ్గర్లోని మా ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడమే ఆయన పనిగా ఉండేది.

అమ్మకు అస్సలు నచ్చలేదు. "సచ్చిపోయినట్టు ఏసమేటి? నానొప్పను," అంది. నాన్న మాత్రం వేషం కోసమని గడ్డం గీసుకోవడం మానేశాడు.

తుపాకీ ఉత్త నకలు. గట్టి రబ్బరుతో పోసిన ముద్ద, లోపల గుండు పట్టే చోటే లేదు. అయినా దూరం నుంచి చూసేవాళ్లు నిజమనుకుని హడలిపోతారు. అందుకని నది అవతల షాలిమార్ దగ్గర ఖాళీ గోదాము యజమానిని అడిగి, ఠాణాలో కూడా ముందే చెప్పాం. అక్కడి పెద్ద అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వీధిలో మాత్రం బయటకు తియ్యొద్దన్నాడు. గేటుకు షూటింగు జరుగుతోందని బోర్డు కట్టమన్నాడు. అలాగే చేశాం.

తుపాకీ చప్పుడు తర్వాత కలుపుతాం కాబట్టి, నేను చెయ్యి దించగానే నాన్న పడిపోవాలి. ఎవరూ నేర్పకుండానే పడ్డాడు. ముందు మోకాళ్లు వంగాయి, తర్వాత భుజం నేలకు తగిలింది. నచ్చకపోయినా మాతో వచ్చి గోదాము గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ లేచి బయటకు వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే, ఒక పొద్దున వంటింటి గుమ్మంలో నాన్న నిజంగానే కుప్పకూలాడు. గుండెపోటుతో పోయాడన్నారు. అప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది.

ఆ తర్వాత ఆ వీడియో తెరవడానికి నాకు చేతులు రాలేదు. స్నేహితులు కూడా అడగలేదు. వానాకాలం వెళ్లాక ఒకరోజు అమ్మే అడిగింది. వద్దమ్మా, చూడలేవు అన్నాను.

"పడిపోయింది నాను సూసినాను. లెగిసింది సూపించు," అంది.

ఆ రోజు కెమెరా వెంటనే ఆపలేదు. పడిన చోటే నాన్న ఒక కన్ను తెరిచి అయిపోయిందా అని అడుగుతాడు. దొంగ వేషం వేసిన బెంగాలీ స్నేహితుడు చెయ్యి అందిస్తే పట్టుకుని లేస్తాడు. లుంగీ దులుపుకుని, నవ్వుతూ గుమ్మం వైపు చూస్తాడు. "ఏటే, సూసినావా?" అని కేకేస్తాడు. గుమ్మంలో ఎవరూ ఉండరు.

అమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని మళ్లీ వెయ్యమంది. ఆ కేక వచ్చేసరికి, "సూసినాను," అంది మెల్లగా.

తర్వాత చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. ఆ సినిమా మేము పూర్తి చేయలేదు.